ఫ్లోరైడ్ ఊళ్లల్ల పిల్లల మెదడు మీద స్టడీ: ఈఈజీ మిషన్‌కు గ్రాంట్ ఎట్ల అడగాలె?

జువాలజీ_మేడం_నల్లగొండ

అందరికీ నమస్కారం. నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జువాలజీ, ఫిజిక్స్, కంప్యూటర్స్ వాళ్లం కలిసి ఒక ప్రాజెక్టు రాస్తున్నం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ సంగతి తెలియనిది కాదు. ఎముకల మీద, పండ్ల (దంతాల) మీద ఏండ్ల సంది పని జరిగింది. పిల్లల మెదడు మీద, అందులోనూ ధ్యాస నిలపడం మీద, దాని ప్రభావం ఎంత అన్నది మా ప్రశ్న.

ముసాయిదా ఇట్ల ఉంది: ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరు ఒకటి, తక్కువున్న ఊరు ఒకటి. ఊరికి 30 మంది, 9 నుంచి 12 ఏండ్ల పిల్లలు. ఐక్యూ టెస్టు, మూత్రంలో ఫ్లోరైడ్, 32 ఛానళ్ల ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు తరంగాలను గీతలుగ తీసే పరీక్ష). రికార్డింగ్ బడిలోనే. ఇంతమంది చాలుతరా? బడిలో ఈఈజీ తీసేటప్పుడు ఏం తప్పులు జరుగుతయి? దరఖాస్తు ఎవరికి పెట్టాలె? డిగ్రీ కాలేజీలకు నిజంగా డబ్బిస్తరా, లేక అంతా ఐఐటీలకే పోతదా? తెలిసినవాళ్లు వివరంగా రాయగలరు.

---

ఫ్లోరోసిస్_సర్వే

మేడం, ఈఈజీ సంగతి తర్వాత. ఒక్కొక్క బిడ్డ ఒంట్లోకి ఎంత ఫ్లోరైడ్ పోయిందో ఎట్ల కొలుస్తరు అన్నది ముందు తేల్చుకోండి. రివ్యూయర్ కన్ను మొదట పడేది దాని మీదనే.

అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం 2024 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో, లీటరుకు 1.5 మి.గ్రా. దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం ఉందని ‘ఒక మోస్తరు నమ్మకం’తో చెప్పింది. 2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్‌లో 74 స్టడీలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. ఆ 74లో 52 స్టడీల్లో పక్షపాతం వచ్చే ప్రమాదం ఎక్కువని దాన్ని రాసినవాళ్లే లెక్కగట్టిన్రు. అంటే స్టడీల సంఖ్యకు కొరత లేదు, గట్టి స్టడీలకే కొరత. మీ ముసాయిదా ఇట్లనే పోతే 53వది అయితది.

మొదటి లోపం: ఒక ఊరికి ఒక ఊరును పోలిస్తే, తేడా ఫ్లోరైడ్‌దా ఊరిదా అన్నది ఎన్నటికీ విడదీయలేరు. ఒక బడిలో మంచి సార్ ఉన్నా ఐక్యూ మార్కులు మారుతయి. రెండోది సంఖ్య. 80 శాతం పవర్ (నిజంగ తేడా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం తప్పు హద్దుతో గ్రూపుకు ఎంతమంది కావాల్నో చేతిలెక్కలో చెప్పాలంటే, 16ను తేడా వర్గంతో భాగించాలె. 30 మందితో కనపడే కనీస తేడా 0.73 ఎస్‌డీ (స్టాండర్డ్ డివియేషన్, ఐక్యూలో ఒక ఎస్‌డీ 15 పాయింట్లు), అంటే ఐక్యూలో దాదాపు 11 పాయింట్లు. అంత తేడా ఉండదు. 4.5 పాయింట్లు (0.3 ఎస్‌డీ) పట్టుకోవాలంటే 16 / 0.09 = 178 మంది. అదీ పిల్లలంతా వేర్వేరు చోట్ల నుంచి వస్తేనే. బడికి 20 మందిని తీసుకుంటే ఒకే బడి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటరు కాబట్టి ఆ సంఖ్యను పెంచాలె. ఆ పోలిక 0.1 అనుకుంటే 1 + (19 × 0.1) = 2.9 రెట్లు. 178 × 2.9 అంటే 516. గ్రూపుకు 26 బడులు. ఇంకా మంచిది ఏమంటే రెండు గ్రూపులు అనుకోకుండా 0.5 నుంచి 4 మి.గ్రా. దాకా అన్ని స్థాయిల ఊళ్లనూ కలపడం.

మూత్రంలో ఫ్లోరైడ్ ఒక్కటే నమ్ముకుంటే పెద్ద చిక్కు ఉంది. అది నిన్న, ఇవాళ తాగిందాన్నే చెప్తది. మిషన్ భగీరథ నల్లా వచ్చినంక నీళ్లు మారినయి. ఇప్పుడు 11 ఏండ్లున్న పిల్ల రెండేండ్ల వయసుల బోరు నీళ్లు తాగి, ఇప్పుడు కృష్ణా నీళ్లు తాగుతుండొచ్చు. ఆ పాత లెక్క దాచిపెట్టుకున్నది పండ్లే. ముందరి శాశ్వత పండ్ల ఎనామిల్ పుట్టినప్పటి నుంచి సుమారు నాలుగైదేండ్ల దాకా కట్టుకుంటది, అంటే మెదడు వేగంగా ఎదిగే కాలమే. ఆ పండ్లు 7, 8 ఏండ్లకు బయటికొస్తయి. మీరు పెట్టుకున్న 9–12 వయసు అందుకు సరిగ్గ కుదిరింది.

డీన్ ఇండెక్స్ (పండ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలకు మార్కులేసే పద్ధతి) వాడండి. గాజుగుడ్డతో పండు తుడిచి, ఎండ వెలుతుర్ల చూడాలె. తడి పండు మీద తెల్ల చారలు సరిగ్గ కనపడవు. ఇద్దరు చూసేవాళ్లు ఒకరికి తెలియకుండ ఒకరు మార్కులేసి, కప్పా (ఇద్దరి మార్కులు ఎంత కలిసినయో చెప్పే లెక్క) 0.8 రాకపోతే మళ్లా శిక్షణ ఇయ్యాలె. డెంటిస్టు లేకుండ ఈ పని పెట్టుకోవద్దు.

ఇక కొలత. గాజు సీసాలు వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తది. పాలిథిన్ సీసాలే వాడాలె. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో (ఫ్లోరైడ్‌ను పట్టి చూపే కడ్డీతో) కొలిచేటప్పుడు 10 మి.లీ. శాంపిల్‌కు 10 మి.లీ. టిసాబ్ (శాంపిళ్లన్నిటినీ ఒకే స్థితికి తెచ్చే) ద్రావణం. 0.1, 1, 10 మి.గ్రా. స్టాండర్డ్లకు కూడా అదే పాళ్లు. పదిరెట్లకు 54 నుంచి 60 మిల్లీవోల్టుల తేడా రావాలె. రాకపోతే ఎలక్ట్రోడ్ పాడైంది, ఆ రోజు శాంపిళ్లు ముట్టొద్దు. ఏప్రిల్‌ల ఫ్రిజ్‌లోంచి తీసిన మూత్రాన్ని 38 డిగ్రీల గదిలో పెట్టిన స్టాండర్డ్లతో పోల్చడం మామూలుగ జరిగే తప్పు. అన్నీ ఒకే వేడికి వచ్చేదాక ఆగాలె. పటికతో శుద్ధి చేసిన నీళ్లయితే అందులో అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకొని ఎలక్ట్రోడ్‌కు కనపడనియ్యదు. సీడీటీఏ (అల్యూమినియంను పట్టుకునే రసాయనం) ఉన్న టిసాబ్ కొంటేనే అది విడిపోతది. మూత్రం పలచగ ఉందా చిక్కగ ఉందా అన్నది సరిచేయడానికి క్రియాటినిన్ కూడా కొలవాలె.

అయోడిన్, హిమోగ్లోబిన్, రక్తంలో సీసం, తల్లి చదువు: ఈ నాలుగూ లేకుండ పంపితే ప్రపోజల్ వాపసు వస్తది. అయోడిన్ మరీ ముఖ్యం, అది తక్కువైనా ఐక్యూ తగ్గుతది.

---

పాలమూరు_ఈఈజీ

పై సార్ చెప్పినట్టు వెయ్యి మందికి ఈఈజీ తీయడం కాని పని. ఐక్యూ, పండ్లు, మూత్రం అందరికీ చేసి, అందులోంచి తక్కువ, నడిమి, ఎక్కువ ఎక్స్‌పోజర్ ఉన్న 25 మంది చొప్పున 75 మందికి ఈఈజీ పెట్టుకోండి. 32 ఛానళ్లు కూడా అక్కర్లేదు. మీ ప్రశ్నకు 10–20 పద్ధతిలో (తల కొలతను 10, 20 శాతాలుగ పంచి ఎలక్ట్రోడ్లు పెట్టే పద్ధతి) 19 ఛానళ్లు, వాటికి తోడు కంటిరెప్పల కదలికకు ఒకటి, శబ్దం ఎక్కించడానికి ఒక ఖాళీ ఛానల్ చాలు. ఆ ఖాళీ ఛానల్ ఎందుకో కింద చెప్తా.

బడిలో మొట్టమొదటి సమస్య కొబ్బరినూనె. పొద్దున్నే తలకు నూనె పెట్టి, రెండు జడలేసి, రిబ్బన్లు కట్టి పంపుతరు. ఆ నూనె మీద పేస్టు పట్టదు. ఇంపిడెన్స్ (చర్మానికి ఎలక్ట్రోడ్‌కు నడుమ కరెంట్‌కు ఉండే అడ్డు) 40, 50 కిలో ఓమ్‌ల మీద కూర్చుంటది, ఎంత రుద్దినా దిగదు. ముందురోజు సాయంత్రం షాంపూతోనో కుంకుడుకాయతోనో తలంటి, నూనె పెట్టకుండ పంపమని తల్లికి చీటీ రాసి, ఫోన్ కూడా చెయ్యాలె. జడలు విప్పి తీసినంక మళ్లా అల్లడానికి ఒక ఆయమ్మ ఉండాలె. లేకుంటే రెండో రోజు ఆడపిల్లలు రారు.

కొలత ఇట్ల: ముక్కు మొదలు నుంచి తల వెనుక ఎముక గుబ్బ దాకా టేపు పెట్టండి. 34 సెం.మీ. వచ్చిందనుకుంటే 3.4 దగ్గర మొదటి గుర్తు, తర్వాత 10.2, 17, 23.8, 30.6. ఆ 17 దగ్గర నడినెత్తి, 23.8 దగ్గర పీజెడ్ అనే ఎలక్ట్రోడ్ చోటు. చెవి నుంచి చెవికి కొలిచినప్పుడు కూడా సగం అదే 17 గుర్తు మీద పడాలె. పడకపోతే టేపు వంకర పోయినట్టు.

ఎలక్ట్రోడ్ పెట్టేచోట దువ్వెన తోకతో వెంట్రుకలు పాయ తీసి, దూదిపుల్లకు ప్రెప్ జెల్ అద్ది మూడు నాలుగుసార్లు రుద్ది, శనగగింజంత పేస్టు పెట్టండి. ఎక్కువ పెడితే పక్క ఎలక్ట్రోడ్ పేస్టుతో కలిసిపోయి రెండు ఛానళ్లు ఒకటే గీత గీస్తయి. అది చూసేవాళ్లకు ‘ఎంత శుభ్రంగా వచ్చిందో’ అనిపిస్తది, నిజానికి ఆ డేటా పనికిరాదు. అన్నీ 5 కిలో ఓమ్‌ల లోపు ఉండాలె, నడుమ ఒకసారి మళ్లా చూడాలె.

మిషన్ బాగుందా లేదా తెలుసుకోడానికి హాన్స్ బెర్గర్ పద్ధతే ఇప్పటికీ చాలు. 1924లో జెనాలో మనిషి మెదడు తరంగాలను మొదట నమోదు చేసింది ఆయనే, 1929లో అచ్చేసిండు. కండ్లు మూయమనండి. తల వెనుక ఓ1, ఓ2 ఛానళ్లలో సెకనుకు 8 నుంచి 13 అలలు లేచి, కండ్లు తెరవంగనే పడిపోవాలె. ఈ తేడా చాలామంది పిల్లల్లో తేటగా కనిపిస్తది. ఒకరిద్దరిలో సన్నగా ఉండొచ్చు గని, వరుసగా ముగ్గురు నలుగురిలో రాకపోతే లోపం వైరింగ్‌లనే. మూడు నిమిషాలు కండ్లు మూసి, మూడు నిమిషాలు తెరిచి, ఇది ఒక రికార్డింగ్.

ధ్యాసకు రెండో రికార్డింగ్: 1000 హెర్ట్జ్ శబ్దం పదిలో ఎనిమిదిసార్లు, 2000 హెర్ట్జ్ రెండుసార్లు. రెండోది వినపడ్డప్పుడు బటన్ నొక్కాలె. మొత్తం 300 శబ్దాలు, ఒకటిన్నర సెకన్‌కు ఒకటి, ఏడున్నర నిమిషాలు. అరుదు శబ్దాలు 60. రెప్పలు, కదలికలు తీసేస్తే 40 మిగిలితే బాగుంటది. పీ300 అల (అరుదు శబ్దాన్ని మెదడు గుర్తుపట్టినప్పుడు లేచేది) పీజెడ్ మీద పెద్దగ కనపడుతది. పిల్లల్లో పెద్దవాళ్లకన్న ఆలస్యంగ వస్తది. ఇక్కడ ల్యాప్‌టాప్ మోసం చేస్తది. శబ్దం వెయ్యమన్నప్పటికీ స్పీకర్‌ల వినపడినప్పటికీ నడుమ ఆలస్యం ఉంటది. అది ప్రతిసారి ఒకే అంత ఉంటే తీసేయొచ్చు, మారుతుంటే సగటు అల చప్పబడిపోతది. అందుకే ఆ శబ్దాన్నే ఖాళీ ఛానల్‌కు ఎక్కించి, అది లేచిన క్షణం నుంచి లెక్కపెట్టాలె. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ముట్టుకోవద్దు.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే తియ్యండి. ఎండకాలం నెత్తి చెమటకు గీతలన్నీ మెల్లగ పైకి కిందికి ఊగుతయి. ఫ్యాన్ వేస్తే వైర్లు కదిలి ఇంకో గోల.

ఒక మాట కచ్చితంగా. ఫిట్స్ సూచించే గీతలు కొందరు పిల్లల్లో అనుకోకుండ కనపడతయి. ఆ బిడ్డను ఏ న్యూరాలజిస్టు దగ్గరికి పంపుతరో ముందే రాసి పెట్టుకోవాలె, సమ్మతి పత్రంలో కూడా ఉండాలె. ఊరంతా తెలిసేటట్టు బడిలో చెప్పొద్దు. వేగంగా ఊపిరి పీల్పించడం, లైట్ మెరిపించడం లాంటి పరీక్షలు బడిలో అసలు వద్దు.

---

గ్రాంట్_సెక్షన్

డబ్బు ఎటు పోతుందన్న ప్రశ్నకు. మన దేశం పరిశోధన మీద పెట్టే మొత్తం ఖర్చు 2020–21 లెక్కల ప్రకారం జీడీపీలో 0.64 శాతం. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు ఐదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో సుమారు 36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచి, అంటే ప్రధానంగా కంపెనీలు, దాతల నుంచి రావాలని లెక్క. 2025 జులైలో కేబినెట్ ఒప్పుకున్న లక్ష కోట్ల పథకం ప్రైవేటు రంగం పరిశోధనకు చౌక వడ్డీ అప్పులాంటిది, కాలేజీకి దాంతో పని లేదు. కాబట్టి పత్రికలో పెద్ద అంకె చూసి ఆశపడకండి, పెద్ద సంస్థలకే అని వదిలేయకండి కూడా.

మీది ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ముందు తలుపు. రెగ్యులర్ పోస్టులో ఉన్నవారే ప్రధాన పరిశోధకులుగా ఉండాలి. కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లను ఆ స్థానంలో రాస్తే తొలి వడపోతలోనే పోతుంది. నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ గాని, బీబీనగర్ ఎయిమ్స్ గాని, కమ్యూనిటీ మెడిసిన్ వారిని సహ పరిశోధకులుగా పెట్టుకోండి. ఈఈజీ విశ్లేషణకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. వాళ్ల సమ్మతి లేఖ ముందే తెచ్చుకోండి.

ఎథిక్స్ కమిటీ మీ కాలేజీలో లేకపోతే మెడికల్ కాలేజీ కమిటీకే పెట్టాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లి లేదా తండ్రి సమ్మతి కాక, 7 నుంచి 11 ఏళ్ల పిల్లల నుంచి నోటిమాట ఒప్పుకోలు, 12 నిండినవారి నుంచి రాతపూర్వక ఒప్పుకోలు కావాలి. మీ వయసు సరిగ్గా ఆ గీత మీద ఉంది, రెండు రకాల ఫారాలూ ఉండాలి. చదువురాని తల్లిదండ్రుల దగ్గర వేలిముద్రతో పాటు ప్రాజెక్టుతో సంబంధం లేని సాక్షి సంతకం. బడి హెడ్మాస్టర్ ఆ సాక్షి కావడం మంచిది కాదు, ఆయన మాట కాదనలేక ఒప్పుకుంటారు. డీఈఓ అనుమతి వేరుగా తెచ్చుకోవాలి.

బడ్జెట్. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000, మూడో ఏడు ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) అయితే 42,000 (2023 జనవరి నుంచి అమలు). మూడేళ్లకు 8,88,000 + 5,04,000 = 13,92,000, హెచ్ఆర్ఏ అదనం. దీన్ని చాలామంది తక్కువ రాసి తర్వాత ఇరుక్కుంటారు. పరికరాలకు మూడు కొటేషన్లు జతచేయండి, స్పెసిఫికేషన్‌లో బ్రాండ్ పేరు రాయవద్దు, పని రాయండి: ఎన్ని ఛానళ్లు, సెకనుకు ఎన్ని శాంపిళ్లు, రోగి వైపు ఐసొలేషన్ (మెయిన్ కరెంట్ నుంచి విడదీత) ఉందా. ముందు జెమ్ (ప్రభుత్వ కొనుగోళ్ల) పోర్టల్‌లో చూడాలి, లేకపోతే లేదన్న రిపోర్టు ఫైల్లో ఉండాలి. పేస్టు, ప్రెప్ జెల్, ఎలక్ట్రోడ్లు కన్స్యూమబుల్స్ కింద వేరుగా. ఎలక్ట్రోడ్లు అరిగిపోతాయి, ఒకే సెట్టు రాస్తే రెండో ఏడు పని ఆగిపోతుంది.

గ్రాంట్ వచ్చాక అసలు పరీక్ష యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి వాడామో చెప్పే పత్రం). జీఎఫ్ఆర్ 12-ఏ ఫారం, దాంతో ఖర్చుల స్టేట్‌మెంట్. ప్రతి ఆర్థిక సంవత్సరానికి విడిగా. రెండింటి మధ్య ఒక్క రూపాయి తేడా ఉన్నా వెనక్కి వస్తుంది, తర్వాతి విడత ఆగుతుంది, మొదట ఆగేది రీసెర్చ్ ఫెలో జీతం. వడ్డీ వచ్చిందా, ఎంత, తిరిగి కట్టారా అన్నది అందులో ఉండాలి. ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకు వాడాలంటే ముందు అనుమతి, తర్వాత ఖర్చు. మార్చిలో పరుగెత్తకుండా డిసెంబరులోనే లెక్క సరిచూసుకోండి.

---

కృష్ణా_తీరం

డబ్బు వచ్చేదాక ఆగాల్సిన పని లేదు మేడం. ప్రజల సొమ్ముతో తీసిన మెదడు డేటా చాలావరకు బయటే ఉన్నది. ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో ఈఈజీ డేటాలు ఉచితం, వాటిని విశ్లేషించే ఎంఎన్ఈ పైథాన్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితం. 19 ఛానళ్ల డేటాకు 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ సరిపోతది. మీ కంప్యూటర్స్ విద్యార్థులు ఈ సెమిస్టర్‌లనే ఒక ఆడ్‌బాల్ (పైన చెప్పిన అరుదు శబ్దం లాంటి పరీక్ష) డేటా దించుకొని, పీ300 తీసి, బొమ్మ గీసి ప్రపోజల్‌కు జతచేస్తే, ‘వీళ్లకు విశ్లేషణ వచ్చు’ అన్నదానికి అంతకు మించిన రుజువు లేదు.

మద్రాస్ ఐఐటీ వాళ్లు 2024 డిసెంబరులో గర్భస్థ శిశువుల మెదళ్లను 5,132 పొరలుగ కోసి డిజిటల్‌గ పెట్టిన్రు, ధరణి అని పేరు. ఫ్రూట్ ఫ్లై అనే చిన్న ఈగ మెదడు మొత్తం, సుమారు 1,40,000 న్యూరాన్లు, ఏది దేనితో కలుస్తదో 2024 అక్టోబరులో ఫ్లైవైర్ బృందం బయటపెట్టింది. మన మెదడుల సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు అనుకుంటే ఇంకా ఎంత దూరమో తెలుస్తది. ఇసొంటి పనులు ఏండ్లు పడతయి, నడుమ డబ్బు తెగితే మొత్తం పోతది. అమెరికా బ్రెయిన్ ఇనిషియేటివ్‌కు 2023లో 68 కోట్ల డాలర్లుంటే 2024లో 40.2 కోట్లకు, 2025లో 32.1 కోట్లకు పడిపోయింది. కారణం అక్కడి చట్టంలో ఏడాదేడాదికి రాసిపెట్టిన నిధి తగ్గుతూ రావడం, ఆ లోటు మామూలు బడ్జెట్ నుంచి నిండకపోవడం.

మన దగ్గర కూడా ప్రభుత్వ పైసలతో చేసిన పని ఊరి పేరుతోనే ప్రపంచానికి పోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ దించే నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ల పద్ధతిని ఆఫ్రికా దేశాల్లో కూడా ‘నల్గొండ టెక్నిక్’ అనే అంటరు. 1970ల్లో ఈ జిల్లాల పిల్లల మోకాళ్లు లోపలికి వంగడం మీద లెక్కలు తీసింది హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ). ప్రపోజల్ మొదటి పేజీలో ఈ రెండూ రాయండి. ఈ ప్రశ్న ఇక్కడే ఎందుకు అడగాలో రివ్యూయర్‌కు అర్థమైతది.

---

జువాలజీ_మేడం_నల్లగొండ

అందరికీ చాలా కృతజ్ఞతలు. సంఖ్య, ఊళ్లు, పండ్ల పరీక్ష మార్చి రాస్తున్నం. ఈఈజీ 75 మందికే. ఒక్క సందేహం: కొన్ని బడుల్లో ఎర్తింగ్ సరిగ లేదు, పక్కన పొలాల మోటార్లు. అప్పుడు రికార్డింగ్ ఎట్ల?

---

పాలమూరు_ఈఈజీ

పోయినరోజే సాకెట్‌ల న్యూట్రల్‌కు ఎర్త్‌కు నడుమ వోల్టేజ్ మల్టీమీటర్‌తో చూడండి. రెండు వోల్టులు దాటితే ఆ సాకెట్ వాడొద్దు. ల్యాప్‌టాప్ నిండా ఛార్జ్ చేసి, ఛార్జర్ పీకి, యూఎస్‌బీ నుంచే నడిచే ఐసొలేటెడ్ యాంప్లిఫయర్‌తో తీయండి. చతురస్రపు అల ఇచ్చే ఇన్వర్టర్ మీద నడపొద్దు, 50 హెర్ట్జ్‌తో పాటు దాని బేసి రెట్లు (150, 250 లాంటివి) కూడా వస్తయి. ట్యూబ్‌లైట్ ఆపి, ఫోన్లు బయట పెట్టించి, బిడ్డ కూర్చునే కుర్చీ గోడ వైరింగ్‌కు రెండు మీటర్లు ఎడంగ వేయండి. ఎలక్ట్రోడ్ వైర్లన్నీ జడలా అల్లి కడితే పట్టే గోల తగ్గుతది.

నుదుటి మీద పెట్టే గ్రౌండ్ ఎలక్ట్రోడ్ అంటే కరెంట్ ఎర్త్ కాదు. గోల తగ్గుతదని దాన్ని ఎవరన్నా గోడ ఎర్త్‌కో, బోరు పైపుకో కలిపితే బిడ్డ ప్రాణానికే ప్రమాదం. రికార్డింగ్ చేసే ప్రతి ఒక్కరికీ ఇది మొదటిరోజే చెప్పి సంతకం తీసుకోండి. ఇవన్నీ చేసినంక కూడా 50 హెర్ట్జ్ మిగిలితే భయం లేదు, పీ300 కోసం 30 హెర్ట్జ్ పైన ఎట్లాగూ కోసేస్తరు. కానీ ఒక్క ఛానల్‌లోనే అది ఎక్కువుంటే ఫిల్టర్ చేయకుండ ఆ ఎలక్ట్రోడ్ తీసి మళ్లా పెట్టండి.